కొండ మీద ఇల్లు: బెజవాడ మొగల్రాజపురం కథ, మన కథ



మన సంఘం ఈ-సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని అడిగినప్పుడు, మీరంతా మన్యం పోరాటాల గురించి ఎదురుచూస్తారని మాకు తెలుసు. ఆ చరిత్ర మాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో ఉన్నారు. విజయవాడలో గిరిజన బాలికల హాస్టల్లో పిల్లల మధ్య ఉండే మేము, రోజూ కళ్ళెదుట కనిపించే ఒక కొండ గురించి, దాని మీద వాడ గురించి రాస్తున్నాం. అందుకు కారణం ఒక చిన్న సంఘటన.

2023 జూన్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నాం. ఎనిమిదో తరగతికి వచ్చిన ఒక యానాది పిల్ల దరఖాస్తులో ఇంటి చిరునామా దగ్గర ఒక అపార్టుమెంటు పేరు రాసింది. పక్కన నిలబడ్డ తల్లికి చదవడం రాదు. మేము పైకి చదివి వినిపించగానే ఆమె కంగారుగా, "అది నేను పాచిపని చేసే చోటు మేడం. మేం ఉండేది కొండ మీద, సున్నపుబట్టీల పైన" అంది. పిల్ల తల దించేసుకుంది. ఆ తర్వాత మెల్లగా అడిగితే, "కొండ మీద అని చెబితే క్లాసులో నవ్వుతారు మేడం" అంది.

మన ఊళ్ళలో కొండ మీద ఉన్నామంటే ఎవరూ సిగ్గుపడరు. అక్కడ కొండకు పేరుంటుంది, దేవత ఉంటుంది, ఏ చెట్టు కొట్టకూడదో, ఏ ఊట పాడుచేయకూడదో కట్టుబాటు ఉంటుంది. అదే కొండ పట్నంలోకి వచ్చేసరికి చిరునామాలో దాచుకోవలసిన మాట ఎందుకైంది? ఆ పిల్లకు జవాబు చెప్పాలని మేము కొంత చదివాం, కొంత తిరిగాం. తెలుసుకున్నది ఇక్కడ మీతో చెబుతున్నాం.

రాతికి ఉన్న పేరు

బెజవాడను చాలామంది కృష్ణ ఒడ్డు పట్నంగానే చూస్తారు. నిజానికి ఇది కొండల మధ్య ఇరుక్కున్న పట్నం. పడమట ఇంద్రకీలాద్రి, నడుమ గాంధీ కొండ, తూర్పున మొగల్రాజపురం, గుణదల కొండలు. ఇవన్నీ తూర్పు కనుమల్లోవే. పాడేరు, అరకు, సీతంపేట కొండలు ఏ వరుసలోవో ఇవీ ఆ వరుసలోవే. అక్కడ ఎత్తుగా ఉన్నవి ఇక్కడికి వచ్చేసరికి తెగిపోయి, విడివిడి గుట్టలుగా మిగిలాయి.

ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు. తుప్పు పట్టినట్టు ఎర్రగా, గోధుమ రంగులో ఉంటుంది. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశాలోని కలహండి ప్రాంతపు రాళ్ళను వివరిస్తూ, అక్కడి ఖోండు ఆదివాసుల పేరునే ఆ రాతికి పెట్టాడు. ఖోండులంటే ఎవరో కాదు, మన ఏజెన్సీలో కోదులని మనం పిలుచుకునే మన అన్నదమ్ములే. ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి దొరికినా, శాస్త్రం చదివినవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ సంగతి చెప్పిన రోజు మా హాస్టల్లో అరకు నుంచి వచ్చిన కోదు పిల్ల ఒకతి లేచి నిలబడి, "మరి ఈ కొండ మాదే కదా మేడం?" అని అడిగింది. అందరం నవ్వుకున్నాం. పేరు పెట్టినంత మాత్రాన కొండ ఎవరి సొంతమూ కాదు. కానీ మొగల్రాజపురం మెట్ల కింద ఉన్న రాతికి మన జాతి పేరుందని తెలిశాక, ఆ మెట్లు ఎక్కడానికి సిగ్గెందుకు?

గుహలు చెక్కినవాళ్ళు

మొగల్రాజపురం కొండలో రాతిని తొలిచి చేసిన ఐదు గుహాలయాలు ఉన్నాయి. ఇవి 5, 7 శతాబ్దాల మధ్యవని పండితులు లెక్కకడతారు. ఎక్కువమంది విష్ణుకుండిన రాజుల కాలానివని అంటారు. ఒకదానిలో అర్ధనారీశ్వరుడి రూపం ఉంది. నటరాజు, వినాయకుడి రూపాలూ ఉన్నాయి, చాలావరకు అరిగిపోయాయి. ఇంద్రకీలాద్రి పాదం దగ్గరున్న అక్కన్న మాదన్న గుహలు, కృష్ణ అవతల ఉండవల్లి గుహలు కూడా ఈ పనికి చుట్టాలే.

7వ శతాబ్దంలో ధాన్యకటక దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, రాజధానికి తూర్పున ఒకటి, పడమర ఒకటి కొండల్లో బౌద్ధ విహారాలు ఉండేవని రాశాడు. అవి ఈ బెజవాడ కొండలేనని కొందరు, అమరావతి వైపువని కొందరు వాదించారు. 10వ శతాబ్దంలో యుద్ధమల్లుడు వేయించిన బెజవాడ శాసనంలో మధ్యాక్కర పద్యాలున్నాయి. తెలుగు పద్యం పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళెవరైనా ఆ శాసనం దగ్గర ఆగవలసిందే.

పిల్లల్ని గుహల దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు మేము రాజుల పేర్లతో పాటు ఇంకొకటి చూడమంటాం. గోడ మీద చెయ్యి పెట్టి, ఉలి దెబ్బల గుర్తులు ఎక్కడైనా దొరుకుతాయేమో వెతకమంటాం. ఇంత గుహ తొలవడానికి ఎంతమంది ఎన్ని నెలలు కొట్టి ఉంటారు? వాళ్ళెక్కడ వండుకుని ఉంటారు, ఎక్కడ పడుకుని ఉంటారు? ఈ వాలులోనే కదా. అంటే కొండ మీద కూలివాళ్ళ నివాసం కొత్తగా వచ్చిన ఆక్రమణ కాదు. గుహ ఎంత పాతదో అదీ అంత పాతదే.

ఆనకట్టలో కలిసిన కొండ

1832-33లో ఈ ప్రాంతాన్ని డొక్కల కరువు ఊడ్చేసింది. గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కృష్ణ నీళ్ళు పొలాలకు మళ్ళిస్తే తప్ప లాభం లేదన్న మాట ఆ తర్వాతే గట్టిపడింది. ఆర్థర్ కాటన్ ఆలోచనతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది.

ఆనకట్టకు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారంటే, ఇక్కడ నది రెండు కొండల నడుమ ఇరుకుగా పారుతుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. నది ఇరుకుగా ఉండడం ఒక వసతి, పక్కనే రాయి దొరకడం రెండో వసతి. రెండు ఒడ్డుల కొండల్నీ పగలగొట్టి ఆ రాయినే నదిలో పోశారు. ఆ ఆనకట్ట దాదాపు వందేళ్ళు డెల్టాకు అన్నం పెట్టింది. 1952లో గండిపడింది. దాని స్థానంలో 1954, 1957 మధ్య కట్టినదే ఇప్పుడు మనం బస్సులో దాటే ప్రకాశం బ్యారేజి.

ఊరి నడుమనున్న కొండకు ఆ ఇంజనీరు పేరుతో ఓర్ కొండ అని పేరు వచ్చింది. తర్వాత దాని మీద 52 అడుగుల గాంధీ స్తూపం కట్టారు. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. అప్పటినుంచి అది గాంధీ కొండ. ఒకే కొండకు రెండు పెద్ద పేర్లు దొరికాయి. రాయి కొట్టిన ఒడ్డెరలకూ, తట్టలు మోసిన ఆడవాళ్ళకూ ఒక్క గుట్ట పేరైనా దక్కలేదు. మొగల్రాజపురంలో మాత్రం సున్నపుబట్టీల సెంటర్ అనే చోటుంది. పట్నం గోడలు లేచింది బట్టీలో కాల్చిన సున్నంతోనే. మనిషి పేరు నిలవకపోయినా, చేసిన పని పేరు ఆ సెంటర్‌కు మిగిలింది. మా పిల్ల దాచిన చిరునామా అదే.

అవతలి ఒడ్డున హాజరు పట్టిక

బ్యారేజి మీద నిలబడి దక్షిణానికి చూస్తే సీతానగరం కొండ కనిపిస్తుంది. ఆ కొండ నీడన మన చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. మీకు అది తెలియాలి.

ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ తీరానికీ మెట్టకూ మధ్య వ్యాపారం చేసేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. తెల్లదొరల ఉప్పు చట్టాలు, ఆ తర్వాత రైళ్ళు ఆ వ్యాపారాన్ని చంపేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళను ప్రభుత్వం అనుమానంతో చూసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 నుంచి మద్రాసు రాజధానిలోనూ అమలైంది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడని రాసుకునే చట్టం అది. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టడానికి కూడా ఆ చట్టం వీలిచ్చింది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం గురించి మీరు వినే ఉంటారు. ఆ రోజుల్లోనే సీతానగరంలో కూడా ఎరుకల కుటుంబాలకు సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు ఉండేది. అక్కడివాళ్ళకు చూపిన పని రాళ్ళ క్వారీలో. ఆనకట్టకు రాయిచ్చిన కొండ దగ్గరే, తర్వాతి తరంలో మనవాళ్ళు కాపలా మధ్య రాళ్ళు కొట్టారన్నమాట.

మేము ఎరుకల ఇంట పుట్టినవాళ్ళం. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు సెటిల్‌మెంటు మాట ఎత్తేవాళ్ళు కాదు. ఎవరైనా అడిగినా, "అవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. టీచర్ ట్రైనింగులో ఉండగా ఒక పుస్తకంలో ఈ చట్టం గురించి చదివినప్పుడు ఆ మౌనం మాకు అర్థమైంది. హాస్టల్లో మేము రోజూ రెండు పూటలా హాజరు తీసుకుంటాం. పిల్ల బయటికి వెళ్ళాలంటే గేటు దగ్గర పుస్తకంలో రాయాలి. అది చదివాక కొన్నాళ్ళపాటు ఆ రిజిస్టర్ పట్టుకుంటే చెయ్యి బరువెక్కేది. అప్పటి హాజరు పిల్ల పారిపోకుండా చూడడానికి. ఇప్పటి హాజరు పిల్ల క్షేమంగా ఉందో లేదో చూడడానికి. ఈ తేడాను నిలబెట్టడమే మా ఉద్యోగం అని మాకు మేము చెప్పుకున్నాం.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో తీసేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని దేశంలో చాలాచోట్ల విముక్త జాతుల దినంగా జరుపుకుంటారు. ఆగస్టు 31ని గుర్తుపెట్టుకోండి. ఆ తేదీ మొగల్రాజపురంలో ఇంకొక రకంగా తిరిగి వస్తుంది.

మెట్లే వీధులు

1888లో బెజవాడకు రైల్వే స్టేషన్ వచ్చింది, అదే ఏడాది మునిసిపాలిటీ వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరుచుకుంది. పట్నం జంక్షన్ అయింది. మార్కెట్లకు హమాలీలు, స్టేషన్‌కు కూలీలు, రోడ్లకు రిక్షావాళ్ళు, ఇళ్ళకు తాపీ కూలీలు, పాచిపనివాళ్ళు కావలసి వచ్చారు. కింద నేలకు ధర పెరిగేకొద్దీ, వీళ్ళ ఇళ్ళు వాలు మీదికి జరిగాయి. గుణదల కొండ మీద 1924లో మరియమాత విగ్రహం నిలిచాక ఏటా ఫిబ్రవరిలో లక్షలమంది వస్తారు. కనకదుర్గమ్మ కొండకు దసరాల్లో జనం పోటెత్తుతారు. పండుగకు ఎక్కేవాళ్ళకు కొండ పుణ్యం. రోజూ ఎక్కేవాళ్ళకు మోకాళ్ళ నొప్పి.

మొగల్రాజపురం కొండ ఎక్కి చూడండి. ఆటో ఆగిపోయిన చోట మెట్లు మొదలవుతాయి. అక్కడ వీధి అంటే మెట్లే. ఇసుక, ఇటుక గాడిదల మీదో, మనుషుల నెత్తి మీదో పైకి వెళ్ళాలి. గ్యాస్ సిలిండర్ భుజం మీద వెళ్ళాలి, దానికి వేరే డబ్బులు. ఎంత పైకి వెళితే అద్దె అంత తక్కువ, మోత అంత ఎక్కువ. నీళ్ళు మోటార్లతో పైనున్న ట్యాంకులకు ఎక్కించి వదులుతారు. మోటారు ఆగితే బిందెలు కిందికి దిగుతాయి. నిండు గర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టి దింపుతారు. చనిపోయినవాళ్ళను నలుగురు, మెట్టుకొకసారి చేతులు మార్చుకుంటూ దింపుతారు.

కష్టం ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది. సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుంటే ఊరంతా కాళ్ళ కింద దీపాలతో కనిపిస్తుంది. ఒక మెట్టు మీద పిల్లలు హోంవర్కు చేస్తుంటారు, పై మెట్టు మీద ముసలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటుంది. ఎవరింటికి కొత్త మనిషి వచ్చినా, గుమ్మం చేరేలోపే ఆ వాడకంతా తెలుస్తుంది. ఆ పక్కనే గుడి గంట, ఇంకో పక్క చర్చి పాట. శ్రీకాకుళం యాస, దివిసీమ యాస, ఒక గది నుంచి సుగాలి మాట కూడా వినబడతాయి. మన తండాల్లో, గూడేల్లో ఉండే ఆ తోడు పట్నంలో ఇంకా మిగిలి ఉన్న చోట్లలో ఇది ఒకటి.

2024 ఆగస్టు 31

ఆ రోజు శనివారం. ముందు రోజు నుంచి వాన ఆగలేదు. మొగల్రాజపురం సున్నపుబట్టీల దగ్గర కొండచరియ విరిగి బండరాళ్ళు ఇళ్ళ మీద పడ్డాయి. మనుషులు చనిపోయారు. మరునాటి నుంచి బుడమేరు సింగ్‌నగర్ వైపు ఊళ్ళను ముంచింది. ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ పెద్ద వరద వార్తల్లో కొండ వార్త తొందరగా మునిగిపోయింది.

హాస్టల్లో ఆ పిల్ల ఫోను పట్టుకుని వరండాలో నిలబడిపోయింది. తల్లి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. గంటకు పైగా అలాగే గడిచింది. చివరికి పక్కింటివాళ్ళ ఫోను నుంచి ఆమే మాట్లాడింది. వాళ్ళ వరుస విరిగిన చోటుకు కొంచెం ఎడంగా ఉంది, అందరూ కిందికి దిగి ఒక బడిలో ఉన్నారు. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "అమ్మా, ఇంక కొండ మీద వద్దే" అంది. అవతల నుంచి తల్లి ఏమందో తర్వాత చెప్పింది: "కింద అద్దె కట్టగలిగితే పైకి ఎందుకు ఎక్కుతామే."

ఈ మాటకు మా దగ్గర జవాబు లేదు. కొండ మీద ఇల్లు కట్టుకున్నది తెలివితక్కువతో కాదని మాత్రం అందరికీ తెలియాలి. పట్నం తనకు కావలసిన చేతుల్ని పిలిచింది, ఆ చేతులకు నేల చూపలేదు. చరియ విరగడానికి కారణాలు కూడా అర్థం చేసుకోవాలి. ఖోండలైట్ పైపొర వానకూ ఎండకూ మెత్తబడి మట్టి అవుతుంది. ఇంటి జాగా కోసం వాలును నిలువుగా తొలిస్తే ఆ మట్టికి కింద ఆధారం పోతుంది. పైనుంచి మురుగు, వాన నీళ్ళు దారి లేక లోపలికి ఇంకితే మట్టి బరువెక్కుతుంది, పట్టు వదులుతుంది. దాని మీదున్న బండ జారుతుంది. క్వారీకోసం ఎప్పుడో కోసిన కోతలు, చెట్లు పోవడం కూడా దీనికి తోడవుతాయి.

కాబట్టి కొండ మీద ఉండే మనవాళ్ళకు ఈ నాలుగు మాటలు మీరే చెప్పండి. గోడలోనో, నేలలోనో కొత్త పగులు వచ్చి రోజురోజుకూ పెరుగుతుంటే, ఎప్పుడూ పడే తలుపు ఉన్నట్టుండి బిగిస్తే, స్తంభమో చెట్టో ఒరిగితే, వాలులోనుంచి బురద నీళ్ళు కొత్తగా ఊరుతుంటే, సామాను చూసుకోకుండా దిగిపోవాలి. రక్షణ గోడలో నీళ్ళు పోవడానికి వదిలిన రంధ్రాలను సిమెంటుతో మూయకూడదు. వాన ఒకటి రెండు రోజులు వదలకుండా పడితే రాత్రిపూట ముసలివాళ్ళనూ పిల్లల్నీ కింద బంధువుల ఇంట ఉంచాలి. డ్రైనేజీ, రక్షణ గోడ, భద్రమైన చోట ఇల్లు అడగడం మన హక్కు. నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగాలి, ఆ కాగితానికి నకలు దాచుకోవాలి.

మీరు రాయవలసిన చరిత్ర

చదువుకోసం, పోటీ పరీక్షలకోసం మీలో చాలామంది ఈ పట్నానికి వస్తారు. తక్కువ అద్దె వెతుక్కుంటూ ఈ మెట్లే ఎక్కుతారు. వచ్చినప్పుడు ఒక పని చేయండి. మీ పక్కింటి ముసలమ్మ దగ్గర కూర్చుని, "మామ్మా, మీరు ఎప్పుడొచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఈ మెట్లు ఎవరు కట్టారు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాయండి. ఫోనులో గొంతు దాచండి. ఓర్ దొర గురించి పుస్తకాల్లో ఉంది. ఆమె గురించి మీరు రాయకపోతే ఎక్కడా ఉండదు. మా ఎరుకల పెద్దలు చెప్పకుండానే వెళ్ళిపోయిన మాటలు ఎన్నో ఉన్నాయి. మేము అడగడంలో ఆలస్యం చేశాం. మీరు ఆ తప్పు చేయకండి.

ఆ పిల్ల తల్లి ఇప్పుడు అదే కొండ మీద, కొంచెం కింది వరుసలో ఉంటోంది. ప్రమాదం పూర్తిగా పోలేదు. వానాకాలంలో ఆమె మాకు ఫోను చేసి పిల్ల గురించి అడగడం కంటే, మేమే ఆమెకు ఫోను చేసి ఇంటి గోడ గురించి అడగడం ఎక్కువైంది.

పిల్ల పదో తరగతి పరీక్ష రాసేముందు హాస్టల్ దరఖాస్తు మళ్ళీ నింపవలసి వచ్చింది. చిరునామా దగ్గర ఈసారి ఆగలేదు. "కొండ మెట్లు, సున్నపుబట్టీల సెంటర్, మొగల్రాజపురం, విజయవాడ" అని రాసి, కాగితం మా చేతికిచ్చి, హాజరు వేళయిందని గుర్తు చేసింది.

జై ఆదివాసీ.